కబురు ఉంటేనే పరుగు

ఆ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన వ్యాయామ ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు జరిగాయి. పాతకాలపు మనిషిని ఒకణ్ని చూపిద్దామనుకున్నారో ఏమో, నన్ను కూడా పిలిచారు. నాకంటే ముందు మాట్లాడిన యువకుడు తెర మీద బొమ్మలు వేసి, క్రీడాకారులకు లక్ష్యం ఎలా నిర్ణయించాలో చెప్పాడు. లక్ష్యం స్పష్టంగా ఉండాలట. కొలవడానికి వీలుగా ఉండాలట. దానికో గడువుండాలట. అన్నీ నిజమే, నేను వెనక కూర్చుని తల ఊపుతూనే ఉన్నాను. తీరా మైకు నా చేతికి వచ్చేసరికి భోజనాల వేళైంది. పక్క గదిలోంచి సాంబారు వాసన వస్తుంటే ముసలివాడి మాటలు ఎవరు వింటారు? రెండు ముక్కలు చెప్పి దిగిపోయాను. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. మీరు తినే చదవండి.

మాది హుజూరాబాద్ వైపు. ఇంట్లో వ్యవసాయం, నాకు మాత్రం ఆటల పిచ్చి. వ్యాయామ విద్యలో పట్టా పుచ్చుకుని, మెడలో స్టాప్ వాచీ వేలాడేసుకుని, మండలాలు కొత్తగా ఏర్పడ్డ రోజుల్లో ఆదిలాబాద్ జిల్లా జైనూర్ దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో చేరాను. చుట్టుపక్కల గూడేల గోండు, కొలాం పిల్లలు అక్కడే ఉండి, అక్కడే తిని, పదో తరగతి దాకా చదువుకునే సర్కారు బడి అది. మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. నన్ను అడవికి పంపుతున్నారని మా అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. మా బాపు మాత్రం, "పోనీ తియ్, గాడికి పోతెనన్న జర ఉరుకులాట తగ్గుతది" అన్నాడు.

తగ్గలేదు. వెళ్లిన వారానికే భోజనశాల గోడ మీద పెద్ద అక్షరాలతో "మన లక్ష్యం ప్రథమ స్థానం" అని రాయించాను. రోజూ చూస్తే పిల్లల మనసులో నాటుకుంటుందని నా ఉద్దేశం. పిల్లలు దాన్ని ప్రార్థన అనుకున్నారు. అన్నానికి ముందు చేతులు జోడించి అందరూ ఒక్క గొంతుతో చదివి, అప్పుడు కంచం ముట్టేవారు. అలా కాదర్రా అని నేను చెప్పబోతే వంటామె అడ్డుపడింది. "ఉండనియ్ సార్. గది సదివెటప్పుడు జర సేపన్న నోరు మూసుకోని కూసుంటున్నరు" అంది. చదువుతూ నోరు మూసుకోవడం ఎలాగో నాకు అర్థం కాలేదు గానీ, ఆమెతో వాదించి బతికినవాళ్లు ఆ బడిలో లేరు.

ఇక హిందీ పండిట్ గారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. ధోవతి, నల్ల టోపీ, చేతిలో ఎప్పుడూ ఒక చిన్న రేడియో. సొంత ఇల్లు ఆదిలాబాద్ పట్టణంలో. భార్య అక్కడే ఉండేది, ఈయన సెలవులకు పోయి వచ్చేవారు. ఇంట్లో మరాఠీ, తరగతిలో హిందీ, మాతో తెలుగు, కోపం వస్తే మూడూ కలిపి. ఆటలంటే ఆయనకు బొత్తిగా తెలియదు. సాయంత్రం మైదానానికి అవతలి చివర నీళ్లట్యాంకు కింద కుర్చీ వేసుకుని రేడియో వినేవారు. నేను పిల్లలను ఉరికిస్తుంటే, "అరె బాబా, వాళ్లను ఎవలు తరుముతుండ్రు?" అని అడిగేవారు.

ఆ ఏడు దీపావళి సెలవులైపోయి పిల్లలు తిరిగి వచ్చే రోజు. పొద్దు గూకింది, బస్సు జాడ లేదు. హెడ్మాస్టరూ నేనూ గేటు దగ్గర నిలబడి ఉన్నాం. అప్పుడు మట్టిరోడ్డు మీద ఒక్కతే, తొమ్మిదో తరగతి పిల్ల, చెప్పులు లేకుండా ఉరుక్కుంటూ వచ్చింది. హెడ్మాస్టరు ముందు ఆగి, ఊపిరి కూడా సర్దుకోకుండా చెప్పింది.

"సార్, బస్ ఖరాబైంది. పిల్లలందరు తోవల్నే ఆగిండ్రు. పక్కనున్న గూడెంల పండుకుంటరట, పొద్దుగాల వస్తరట. ఎవలికేం గాలే, పరేషాన్ గావద్దని జెప్పమన్నరు."

చెప్పి, నీళ్లు తాగి, ఏమీ జరగనట్టు హాస్టల్లోకి పోయింది. ఆ బస్సు ఎక్కడ చెడిపోయిందో మర్నాడు తెలిసింది. రెండు గుట్టలు ఎక్కి దిగాలి. నడక అలవాటున్న మగవాళ్లకే పూట పట్టే దూరాన్ని ఆ పిల్ల పొద్దు వాలాక బయలుదేరి చీకటి పడేలోపల దాటి వచ్చింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బంగారు పతకం చెప్పులు లేకుండా నడిచొచ్చి నా ముందు నీళ్లు తాగిపోయిందని ఒకటే సంబరం.

మర్నాడే సున్నంతో మైదానంలో గుండ్రంగా గీతలు గీయించి ఆమెను నిలబెట్టాను. విజిల్ ఊదాను. ఒక చుట్టు ఉరికింది. అబ్బ, ఏం పరుగది! కాలు నేలకు తగిలినట్టే లేదు. బయలుదేరిన చోటికి వచ్చి ఠక్కున ఆగిపోయింది.

"ఆగినవెందుకు?" అన్నాను.

"వచ్చిన గద సార్."

"ఏడికొచ్చినవ్?"

"ఏడికెల్లి పోయిన్నో గాడికే."

"ఇంకా ఉరుకాలె. ఏడు సుట్లు ఉరుకాలె."

ఆ పిల్ల మైదానం చుట్టూ ఒకసారి చూసి, నిజంగానే అర్థంకాక అడిగింది. "ఎందుకు సార్? గీడికెల్లి పోయి గీడికే వస్తె ఉరికినట్లెట్లయితది?"

మీరైతే ఏం చెప్పేవారో నాకు తెలియదు. నేను కేకలేశాను. క్రమశిక్షణ, పట్టుదల, దేశగౌరవం, గోడ మీది లక్ష్యం, అన్నీ వల్లించాను. ఎదురు చెప్పే పిల్ల కాదు కాబట్టి ఉరికింది. కానీ అది పరుగు కాదు, పశువులను తోలుకొచ్చే నడక. రోజూ అదే వరస. గుట్టలు దాటి వచ్చిన పిల్ల, గుండ్రటి గీత మీద అందరికంటే వెనక ఉండేది. నెలయ్యేసరికి స్టాప్ వాచీ చూడటం మానేశాను.

ఒక సాయంత్రం హెడ్మాస్టరు కిటికీలోంచి నన్ను పిలిచి, పండిట్ గారిని అర్జెంటుగా రమ్మనమన్నారు. పై అధికారి ఎవరో వచ్చి కూర్చున్నారట. పండిట్ గారు అవతలి చివర రేడియోలో మునిగి ఉన్నారు. ఆ పిల్ల అప్పుడే నా ముందు నుంచి కాళ్లీడ్చుకుంటూ పోతోంది. "పండిత్ సార్‌ను హెడ్మాస్టర్ సార్ జల్ది రమ్మంటుండని జెప్పు పో" అన్నాను.

అంతే! ఆ పిల్ల ఆ మలుపు తిరిగిన తీరు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. సగం చుట్టు ఎప్పుడు దాటిందో, ఆయన ముందు ఎప్పుడు నిలబడిందో చూసేలోపే మాట చెప్పేసి, ఆయన ఇచ్చిన జవాబు పట్టుకుని మిగతా సగం చుట్టు ఉరికి నా ముందుకొచ్చింది. "రేడియో బంద్ జేసి వస్తడట సార్" అంది. వాచీ చూశాను. పాడైందనుకుని చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. బాగానే ఉంది.

అధికారిని పంపించి వచ్చిన పండిట్ గారికి ఈ సంగతంతా చెప్పాను. ఆయన టోపీ తీసి తల గోక్కున్నారు. "మాస్టర్, నువ్వు గీ పిల్లకు తోవ జూపిస్తున్నవ్. దానికి తోవ గాదు, తోవ ఆఖర్ల మనిషి గావాలె" అన్నారు.

తర్వాత విచారిస్తే తెలిసింది. గోండు గూడేల్లో ఊరిపెద్ద పటేల్ మాటను ఊరూరికీ మోయడానికి ఒక మనిషి ఉంటాడు. చావు కబురైనా, పెళ్లి కబురైనా, దీపావళి రోజుల్లో గూడెం గూడెం తిరిగి దండారి నాట్యం ఆడేవాళ్లు ఫలానా రోజు మీ గూడేనికి వస్తున్నారని ముందుగా చెప్పే కబురైనా ఆ మనిషి కాళ్ల మీదే పోవాలి. వాళ్ల గూడెంలో ఆ పని ఈ పిల్ల తండ్రిది. చెట్టు మీద నుంచి పడి ఆయన కాలు పనికిరాకుండా పోయాక, సెలవుల్లో ఈ పిల్లే మోసేది. పరుగంటే ఆమెకు ఎవరో ఒకరి మాటను ఇంకెవరికో చేర్చడం. ఊరికే ఎందుకు ఉరుకుతారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను.

ఆ మర్నాటి నుంచి మా బడిలో ఏ శిక్షణ పుస్తకంలోనూ లేని పద్ధతి మొదలైంది. ఇటువైపు నేను, అటువైపు పండిట్ గారు, మధ్యలో ఆ పిల్ల. ప్రతి సగం చుట్టుకూ ఒక మాట. తీరుబడి మాటైతే తీరుబడిగా ఉరికేది, తొందర మాటైతే తొందరగా. మొదటి చుట్లలో తీరుబడి మాటలు, చివర్లో తొందర మాటలు వచ్చేలా పండిట్ గారు చూసేవారు. దూరపు పందెంలో శక్తిని దాచుకోవడం అంటే ఏమిటో నేను నెలరోజులు అరిచినా ఎక్కనిది, ఆయన మాటల వరస మార్చి వారంలో ఎక్కించారు.

కష్టమంతా మాటల దగ్గరే వచ్చింది. ఒక బడిలో రోజూ అన్ని కొత్త సంగతులు ఎక్కణ్నుంచి వస్తాయి? పండిట్ గారు పొద్దున రేడియోలో వార్తలు విని సాయంత్రానికి దాచేవారు. ఆ పిల్ల మా మైదానం చుట్టూ దేశదేశాల సంగతులు మోసింది. "బొంబాయిల మస్తు వానలట సార్." "మనోళ్లు క్రికెట్‌ల ఓడిండ్రట సార్." అవి చాలకపోతే వంటామె అందుకునేది. "రవ్వల పురుగులున్నయి, రేపు ఉప్మా లేదని జెప్పు" అని ఆమె పంపిన మాటకు ఆ పిల్ల ఉరికిన ఉరుకు, ఆ నెలలో అన్నిటికంటే వేగమైనది. మిగతా పిల్లలు మాకూ మాట ఇవ్వమని వెంటబడ్డారు. సాయంత్రమైతే మైదానం సంతలా ఉండేది. నాకు మాత్రం లోపల ఒక గుబులు. పెద్ద పందేల్లో ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి?

ఆమె పదో తరగతికి వచ్చింది. మా బడికి అదే ఆఖరి తరగతి. ఆపై చదవాలంటే ఆ చుట్టుపక్కల ఆడపిల్లకు దారి లేదు. ఒక్కటే ఆశ. కరీంనగర్‌లో జరిగే పోటీల్లో మూడువేల మీటర్ల పరుగులో మొదటి ఇద్దరిలో వస్తే, అక్కడి క్రీడా హాస్టల్లో సీటిస్తారు, కాలేజీ చదువూ వాళ్లే చూసుకుంటారు. మూడోస్థానమైతే చప్పట్లు కొట్టి ఇంటికి పంపుతారు. ఇది ఆమెకూ తెలుసు. "ఇంటర్ సదువుత సార్. మా గూడెంల ఎవలు సదువలే" అని నాతో ఒక్కసారే అంది.

అందుకే నాకు తొందర పెరిగింది. చివరి చుట్టు ఇంకా చాలడం లేదని పండిట్ గారి దగ్గర రోజూ గొణిగేవాణ్ని. గొణిగి గొణిగి ఆయన ప్రాణం తీశాను. ఒకరోజు ఆయన మెత్తబడి, చివరి చుట్టులో ఆ పిల్ల తన ముందుకు రాగానే, "మీ బాపు గేటు కాడికొచ్చిండు, పోయి మాస్టర్‌కు జెప్పు" అనేశారు.

ఎక్కడికీ కదలలేని బాపు! ఆ పిల్ల వచ్చిన వేగానికి నేను వాచీ నొక్కడం మరిచిపోయాను. "మా బాపు వచ్చిండట సార్" అని నవ్వుతూ చెప్పి, ఆగకుండా గేటు దాకా పోయింది. గేటు దగ్గర ఎవరూ లేరు. రోడ్డు అటూ ఇటూ చూసింది. భోజనాల గంట కొట్టేదాకా అక్కడే నిలబడింది.

మర్నాడు మైదానానికి వచ్చింది, గీత మీద నిలబడలేదు. కోపం లేదు, ఏడుపు లేదు. మిగతా పిల్లలకు నీళ్లు అందించింది, సున్నం గీతలు గీసింది. ఉరకమంటే తల అడ్డంగా ఊపింది. మూడోరోజు పండిట్ గారే వెళ్లి, "తప్పయింది బేటీ" అన్నారు. ఆయన వయసుకు ఆ మాట పిల్లలందరి ముందూ అనడం నేను చూశాను. ఆ పిల్ల తల వంచుకునే చెప్పింది.

"మీరంటె నాకు కోపం లేదు సార్. గని ఉత్త మాట మోస్తె, రేపు మేం తెచ్చిన మాట ఎవలు నమ్ముతరు? మా బాపు ఒక్కనాడు ఉత్త మాట మొయ్యలే."

శనివారం బడి వదలగానే పండిట్ గారు మాయమయ్యారు. ఆదిలాబాద్ పోయారనుకున్నాం. ఆదివారం సాయంత్రం గేటు ముందు ఎడ్లబండి ఆగింది. ముందు పండిట్ గారు దిగారు. ధోవతి మోకాళ్ల దాకా బురద, టోపీ ఎక్కడో పోయింది. ఆ తర్వాత బండిలోంచి కర్ర ఊతంతో ఒక మనిషిని దించారు. ఆ గుట్టల్లోకి బస్సు పోదు. ఈయన బాట అడుక్కుంటూ నడిచి వెళ్లి, వాళ్లింట్లోనే పడుకుని, జరిగింది తండ్రికి దాచకుండా చెప్పి, బండి కట్టించుకుని వచ్చారు.

వచ్చి ఊరుకోలేదు. తండ్రిని గేటు దగ్గర అరుగు మీద కూర్చోబెట్టి, తాను మైదానమంతా దాటి నీళ్లట్యాంకు కిందికి పోయి, అక్కడికి ఆ పిల్లను పిలిపించారు. నన్ను నా చోట నిలబడమన్నారు. పిల్ల వచ్చాక అవే మాటలు, ఒక్క అక్షరం మార్చకుండా చెప్పారు.

"మీ బాపు గేటు కాడికొచ్చిండు. పోయి మాస్టర్‌కు జెప్పు."

ఆ పిల్ల ఆయన ముఖంలోకి చూసింది. బురద కాళ్లు చూసింది. గేటు వైపు మాత్రం చూడలేదు. తర్వాత ఉరికింది. నా ముందు ఆగి, "మా బాపు వచ్చిండట సార్" అని మాట అప్పజెప్పింది. ఆ తర్వాతే గేటు వైపు తిరిగింది. నేను గొప్ప గొప్ప పరుగులు చూశాను, పెద్ద స్టేడియాల్లో చూశాను. ఆ సాయంత్రం చూసినదాని ముందు అవేవీ నిలవవు. వంటామె పైటకొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని, పొగ, పొగ అంది. ఆదివారం సాయంత్రం పొయ్యి ఇంకా ముట్టించనే లేదు.

ఆ తర్వాత నా ఉద్యోగమంతా నా దగ్గరికొచ్చిన ప్రతి పిల్లనూ పిల్లవాణ్నీ మొదట ఒకటే అడిగేవాణ్ని. గెలిస్తే ముందు ఎవరికి చెప్తావు? అమ్మకని కొందరు, దోస్తుకని కొందరు. నిరుడు నన్ను ఓడించినోడికి చెప్త అన్నాడు హుస్నాబాద్‌లో ఒక గడుగ్గాయి. వాడూ బాగానే ఉరికాడు. ఎవరికీ లేదు అన్న పిల్లలు కూడా ఉండేవారు. వాళ్లతోనే నాకు ఎక్కువ పని పడేది.

ఇక కరీంనగర్. పండిట్ గారు సెలవు పెట్టి మాతో వచ్చారు. ఆయన కూతురు కాపురం అక్కడే, ఆ ముందురోజు ఆమె ఇంట్లోనే మాకు భోజనం. రిటైరయ్యాక ఇక్కడికే వచ్చేయమని ఆమె మా ముందే తండ్రిని బతిమాలింది. తల్లికీ ఎన్నాళ్లుగానో అదే కోరికట. "సొంత ఇల్లిడిచి పెట్టి కిరాయింట్ల ఉంటనా? నేను ఆదిలాబాద్ ఇడువ" అని ఆయన ఖరాఖండిగా చెప్పేశారు. కూతురు మూతి ముడుచుకుని మజ్జిగ పోసింది.

పందెం రోజు పొద్దున గేటు దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. ఒక బడికి ఒక్క ఉపాధ్యాయుడే లోపలికట. వాలంటీర్లు పండిట్ గారిని ఆపేశారు. ఆయన గేటు బయట చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నారు. లోపల మైదానం చూసి మా పిల్ల బెదరలేదు. పక్కవాళ్ల ముళ్ల బూట్లు మాత్రం వంగి చూసింది. పిలుపు వచ్చేముందు నా దగ్గరికి వచ్చి అడిగింది.

"సార్, ఏం మాట?"

నేను ఏడాదిగా భయపడుతున్న ప్రశ్న అదే.

"గీడ మాటలుండయి బిడ్డా. ముందల ఇద్దరిల ఉండాలె, గంతే."

"ఎవలికి జెప్పాలె మరి?"

"నీకు నువ్వే జెప్పుకో."

"నాకు నేను జెప్పుకునెటందుకు ఉరుకుడెందుకు సార్? కూసోని జెప్పుకుంట."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ పిల్ల గేటు వైపు చూస్తూ ఉంది. "గీ పందెం సంగతి పండిత్ సార్‌కు ఎవలు జెప్తరు?" అంది.

"అయినంక నేను పోయి జెప్త."

"మీరొద్దు. నేనే జెప్త. నేనొచ్చేదాంక సార్‌కు ఎవలు జెప్పొద్దు" అని గీత మీదికి పోయి నిలబడింది.

మొదట్లో బాగా వెనకబడింది. నా గొంతు పోయేలా అరిచాను. సగం దూరం దాటాక ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. చుట్టు తిరిగినప్పుడల్లా గేటు వైపు మలుపులో ఆమె తల అటు తిరగడం కనిపిస్తూనే ఉంది. ఆఖరి చుట్టు గంట మోగింది. బూట్లున్న కరీంనగర్ పిల్ల ముందుంది, ఆమెను ఎవరూ అందుకోలేరు. రెండోచోటు కోసం మా పిల్ల, ఇంకో పిల్ల పక్కపక్కనే. ఆ చివరి మలుపులో మా పిల్ల ముఖం చూశాను. తండ్రి వచ్చాడని విన్నరోజు ముఖం అది. ఇద్దరూ దాదాపు కలిసే గీత దాటారు. నేను కూర్చున్న చోటి నుంచి ఎవరు ముందో తెలియలేదు.

మిగతా పిల్లలు గీత దాటి కూలబడ్డారు. మా పిల్ల ఆగలేదు. అదే ఊపున మైదానం అడ్డంగా కోసుకుంటూ, వాలంటీర్ల మధ్యలోంచి, గేటు బయటికి పోయింది. గీత దాటిన వరసలోనే వచ్చి నిలబడాలి, పేర్లు రాసుకుంటారు. రెండో స్థానం దగ్గర జడ్జీలు తర్జనభర్జన పడుతున్నారు. "గా చెప్పుల్లేని పిల్ల ఏది?" అని అరిచారు. ఇంకో పిల్ల మాస్టరు, వరసలో లేని పిల్లను లెక్కలోకి తీసుకోవద్దని గొడవ మొదలుపెట్టాడు. ఆయన జాగాలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ని.

నేను గేటు వైపు ఉరికాను. అప్పటికే కొంచెం పొట్ట వచ్చింది నాకు. చాయ్ బండి దగ్గర పండిట్ గారు గ్లాసు పట్టుకుని లేచి నిలబడ్డారు. ఎదురుగా ఆ పిల్ల, చెమటతో తడిసి ముద్దై ఉంది.

"బోల్ బేటీ, ఎన్నో నంబర్ వచ్చినవ్?" అన్నారు ఆయన.

ఆ పిల్ల నోరు తెరిచింది. మూసింది. అప్పుడు తట్టింది దానికి.

"నాకెర్కలే సార్. సూసుకోలే. మీకు జెప్పాలెనని వచ్చిన."

పండిట్ గారు నవ్విన నవ్వుకు చాయ్ సగం ధోవతి మీద పడింది. నాకు నవ్వు రాలేదు. ఒక ఏడాది శ్రమ, ఒక పిల్ల చదువు, అక్కడ లోపల గొడవలో నలుగుతున్నాయి. ఆమెను రెక్క పట్టుకుని వాపసు తీసుకెళ్లాను. ఆ గందరగోళంలో పండిట్ గారు కూడా మా వెనకే లోపలికి వచ్చేశారు.

పెద్ద జడ్జి మండిపడుతున్నారు. "పందెం అయినంక పారిపోతరా?"

"పారిపోలే సార్. జెప్పనీకె పోయిన."

"ఏం జెప్పినవ్?"

"ఏం జెప్పలే సార్. నాకే ఎర్కలే గద."

అవతలి మాస్టరుకు కూడా నవ్వు ఆగలేదు. పెద్ద జడ్జి విజిల్ నోట్లో పెట్టుకుని నవ్వు దాచుకున్నారు. తర్వాత, కిందికి చూస్తూ నిలబడ్డ అవతలి పిల్లను, "నువ్వు జెప్పు బిడ్డా, ఎవలు ముందల?" అని అడిగారు. ఆమె పక్కనే ఆమె మాస్టరు. ఆమెకూ అదే సీటు కావాలి.

"గామెనే సార్. నేను గామె ఈపు సూసుకుంటనే వచ్చిన" అంది.

నిజం చెప్పిన ఆ అవతలి పిల్ల పేరు నేను ఎన్నడూ మరిచిపోలేదు. ఇక్కడ ఎవరి పేరూ రాయనని నియమం పెట్టుకున్నాను కాబట్టి రాయడం లేదు. ఆమెకు చదువు ఎలా సాగిందోనని ఇప్పటికీ అనుకుంటుంటాను.

మైకులో ప్రకటించారు. మా పిల్ల రెండోది. పండిట్ గారు పక్కనే నిలబడి ఆ మాట విన్నారు. అయినా ఆ పిల్ల ఆయన ముందుకు పోయి, సరిగ్గా నిలబడి చెప్పింది. "సార్, రెండో నంబర్ వచ్చిన. సీటు దొరికింది." ఆయన అప్పుడే విన్నట్టు రెండు చేతులూ ఎత్తారు.

ఇంతవరకూ ఒక్కసారి కూడా ఏడవని పిల్ల, సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు ఏడ్చింది. సీటు వచ్చినందుకే అనుకున్నాను. కాదు. హాస్టల్ వాళ్లు మైదానం చూపించారట. ఎంత పెద్దదో, అంత ఖాళీగా ఉందట.

"గీ ఊర్ల నాకెవలున్నరు సార్? పొద్దున లేసి ఎవలికని ఉరుకాలె? నాతోని గాదు. నేను రాను."

కష్టపడి తెచ్చిన సీటు కళ్లముందే చేజారుతోంది. పండిట్ గారు రేడియో చంకలో పెట్టుకుని ఆమె దగ్గరికి వచ్చారు.

"అరె బాబా, నీకు జెప్పలేదా? నేను రిటైరయినంక ఉండేది గీడనే. గా గ్రౌండ్ ఎన్క గల్లీలనే ఇల్లు. పొద్దుగాల్ల నడువనీకె దినాం గాడికే వస్త. నాకు రేడియో ఇనుడు తప్ప ఇంకేం పనున్నది?"

"నిజంగ సార్?"

"నిజంగ."

ఆ పిల్ల ముఖం తుడుచుకుని బస్సెక్కింది. నాకు ముందురోజు మజ్జిగ అన్నం గుర్తుంది. బస్సు కదిలాక ఆయన చెవిలో, "పండిత్ జీ, మళ్ల ఉత్త మాట జెప్పిండ్రు గద. దానికి తెలిస్తె ఏమైతది?" అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "మే నెలాఖరుకు గద రిటైర్మెంట్. దాంక టైమున్నది" అన్నారు.

జూన్ మొదట్లో నేను ఆదిలాబాద్ వెళ్లాను. ఇంటిముందు లారీ నిలబడి ఉంది. పండిట్ గారి భార్య గిన్నెల మూటలు కడుతూ నాకు చెప్పింది. "పదేండ్ల సంది నేను బతిమాలినా కదలలే. గా పిల్లకు ఒక్క అబద్ధం జెప్పి కదిలిండు సూడు మాస్టర్." పైకి విసుక్కుంటున్నట్టున్నా ఆమె ముఖం వెలిగిపోతోంది. ఇంటి తాళం చెవులు కిరాయికి దిగేవాళ్ల చేతికిచ్చి ఆయన ఒకసారి గడప వైపు చూశారు. తర్వాత మంచం ఒక పక్క ఆయన, ఒక పక్క నేను పట్టుకుని లారీలోకి ఎక్కించాం.